స్టీరింగునకు గడియ

కారు నడుపువారిలో తాళపుచెవి దూర్చు కన్నమును గూర్చి ఆలోచించువారు మిక్కిలి అరుదు. ఇంటి తలుపు గడియను గూర్చి మాత్రము మనము రోజునకెన్నిసార్లు తలపోయుదుము? అది సక్రమముగా పడుచున్నంత కాలము దాని ఊసే యుండదు. మొరాయించిన నాడు మాత్రము ఇంటిల్లిపాదియు వాకిట నిలువవలసి వచ్చును.

మా కేంద్రమున పనిచేయు మిత్రులొకరికి పాత మారుతీ 800 కారొకటి కలదు. దానిని వారు కన్నబిడ్డవలె చూచుకొనుచుందురు. ఒక వేసవిలో దాని ఇగ్నిషన్ తాళము బిగిసిపోవ నారంభించినది. చెవి దూరును, తిరుగదు. తిరిగినచో వెలుపలికి రాదు. దారిలో నున్న ఒక చిన్న మరమ్మతు దుకాణమున చూపగా, గంటలో క్రొత్త తాళమును దాని గూటితో సహా బిగించి పంపినారు. మిత్రులు సంతోషించినారు. మూడవనాడు కుమార్తెను బడి యొద్ద దిగబెట్టి సందు మలుపు తిరుగుచుండగా చేతిలోని స్టీరింగు చక్రము టక్కుమని ఒకచోట పట్టివేసినది. బలముగా త్రిప్పగా మరల కదలినది. చక్రము చుట్టు తిరిగినపుడెల్ల అదే చోట అదే శబ్దము. వారు కారును ప్రక్కకు తీసి ఆపి, ఆటోలో ఆఫీసుకు వచ్చినారు. ఆ పట్టు సందు మలుపున గాక ఏలూరు రోడ్డు మీద లారీల నడుమ పట్టి యుండినచో ఏమయ్యెడిదో అను తలంపు వారిని ఆనాడంతయు విడువలేదు. మమ్మును విడువలేదు.

మరునాడు ఆ కారును ఆటోనగరునకు లాగించుకొని పోయినపుడు మేమును వెంట వెళ్ళితిమి. అక్కడ అనుభవజ్ఞుడైన మెకానిక్కు ఒకరు స్టీరింగు క్రింది నల్లని ప్లాస్టిక్కు ముసుగును విప్పి, దీపము పట్టి లోపల చూపినారు. తాళపు గూటిని పట్టి యుంచు బోల్టులు రెండింటిలో ఒకటి వదులైపోయినది. గూడు వెంట్రుకవాసి ప్రక్కకు ఒరిగినది. గడియ కొన తిరుగు దండమును రాచుకొనుచున్నది. దండము మీద తళతళలాడు సన్నని గీత ఒకటి అప్పుడే పడియున్నది.

“బిగించినవాడు పానాతో బిగించాడు బాబుగారూ, తాళంచెవితో బిగించలేదు” అన్నారాయన.

ఆ మాట అర్థమగుటకు మాకు కొంతసేపు పట్టినది. పాఠకులకును అర్థము కావలెనన్న, ఆ గూటిలో ఏమేమి యున్నవో మొదట తెలిసికొనవలెను.

మనము ఒక్కటే తాళమనుకొనునది నిజమునకు మూడు వస్తువుల కూడిక. మొదటిది తాళపు సిలిండరు. చెవి దూరునది దీనిలోనే. దీని యందు పలుచని లోహపు బిళ్ళలు వరుసగా నుండును. ఒక్కొక్క బిళ్ళకు నడుమ ఒక కిటికీ, ప్రక్కన చిన్న స్ప్రింగు. చెవి లేనపుడు స్ప్రింగులు బిళ్ళల కొనలను వెలుపలికి నెట్టి, చుట్టునున్న గొట్టపు గాడిలో దిగవేయును, సిలిండరు తిరుగదు. సరియైన చెవి దూరినపుడు దాని పళ్ళ ఎత్తుపల్లములు ప్రతి బిళ్ళను కావలసినంతకే జరిపి, కొనలన్నియు సిలిండరుతో సమమగునట్లు చేయును. అప్పుడది తిరుగును. చెవి పళ్ళు అరిగినను, బిళ్ళలు అరిగినను, దుమ్ము పేరుకొనినను ఏదో యొక బిళ్ళ కొన వెలుపల మిగిలిపోవును. మన మిత్రుని మొదటి బాధ అదియే.

రెండవది వెనుక నుండు విద్యుత్ స్విచ్చి. చెవి త్రిప్పుట వలన కరెంటు ఏ తీగలోనికి పోవలెనో నిర్ణయించునది ఇది. మూడవది ఈ రెండింటిని తనలో నిలుపుకొని స్టీరింగు గొట్టమును కౌగిలించుకొని యుండు లోహపు గూడు. ఇంగ్లీషున దీనిని హౌసింగు అందురు. మూస పోసిన తేలిక లోహముతో చేయుదురు గనుక ఇది గట్టిదే గాని పెళుసు. సుత్తి దెబ్బకు ఓర్వదు. ఈ గూటిలోనే, పైకి కనబడకుండ, ఉక్కు గడియ యొకటి యున్నది. చెవి తీయగనే స్ప్రింగు దానిని ముందుకు నెట్టును. అది స్టీరింగు గొట్టమునకు చేసిన రంధ్రము గుండ పోయి, లోన తిరుగు దండమునకు చెక్కిన కోలగాడిలో దిగును. ఆ మీదట చక్రము కదలదు. గాడి అప్పటికి రంధ్రమునకు ఎదురుగా లేకున్నను చింతలేదు; దొంగ చక్రమును కొంత త్రిప్పగనే గాడి ఎదురై గడియ దానంతటది పడును.

చెవి లోన నున్నంతవరకు గడియ ముందుకు రాకుండ ఒక చిన్న కొక్కెము దానిని పట్టి యుంచును. చెవి పూర్తిగా వెలుపలికి వచ్చిన పిమ్మటనే కొక్కెము వదలును. కారు నడచుచుండగా స్టీరింగు బిగిసిపోకుండ మనలను కాపాడునది ఆ గోరంత కొక్కెమే యని మరువరాదు.

చెవికి నాలుగు స్థానములు కలవు. మొదటిది లాక్. రెండవది ఏసీసీ, అనగా ఉపకరణములకు మాత్రము కరెంటు నిచ్చునది. మూడవది ఆన్, ఇంజను నడచునది ఈ స్థానముననే. నాలుగవది స్టార్ట్, చెవిని వదలగనే ఇది తనంతట వెనుకకు వచ్చును. రెండవ స్థానమును గూర్చి మావంటి వారికి కొంత మమకారము సహజము. కారు ఆపి, ఇంజను కట్టివేసి, చెట్టునీడన కూర్చుండి రేడియో వినుటకు వీలు కల్పించునది అదియే. స్టార్టు వైపు త్రిప్పిన క్షణమున రేడియో మూగవోవుటను చూచి, సెట్టులో లోపమేదో యున్నదని మాకు జాబులు వ్రాయువారు లేకపోలేదు. అది లోపము కాదు. స్టార్టరు మోటారునకు బ్యాటరీ బలమంతయు కావలసి యుండును గనుక, ఆ కొలది క్షణములు స్విచ్చి తక్కిన ఉపకరణములకు కరెంటు ఆపివేయును.

తాళము స్టీరింగు ప్రక్కకు వచ్చినది చిరకాలము క్రిందట కాదు. 1912 నాటి కాడిలాక్ కారులో కెటరింగు కనిపెట్టిన విద్యుత్ స్టార్టరు వచ్చు వరకు ఇంజనును చేతితో త్రిప్పవలసినదే. ఆ పిమ్మటను చాలకాలము చెవి వేరు, స్టార్టు బొత్తాము వేరు. మన అంబాసిడరు యజమానులకు తెలియును. ఆ కారున చెవి కన్నము డాష్‌బోర్డు మీద నుండెడిది. దాని వెనుక తీగలు రెండింటిని కలుప నేర్చినవానికి చెవితో పనిలేదు. ఈ చోరవిద్యకు విరుగుడుగానే స్టీరింగు గడియలు పుట్టినవి. ఫ్రెంచివారు ఇగ్నిషన్ తాళమును నేటికిని వాడుకలో ‘నెమాన్’ అందురు. అది ఆ గడియలకు ప్రసిద్ధి తెచ్చిన తయారీదారు పేరు. పశ్చిమ జర్మనీ 1960 ప్రాంతముల తరువాత క్రొత్త కార్లకు ఇట్టి రక్షణను తప్పనిసరి చేసినది. అమెరికాలో 114వ సంఖ్య గల భద్రతా ప్రమాణము 1970 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది: చెవి తీసిన పిమ్మట ఇంజను నడువరాదు; అంతియేగాక స్టీరింగు గాని, కారు తన బలముతో ముందుకు పోవుట గాని నిరోధింపబడవలెను. సొమ్ము పోవుట ఒక్కటే దీనికి కారణము కాదు. దొంగిలింపబడిన కార్లు ప్రమాదములు చేయుట హెచ్చు. దారినపోవు వారి ప్రాణములను గూడ తలచి చేసిన శాసనమది.

మన దేశమున సామాన్య గృహస్థుల యింటికి ఈ గడియ చేరుటకు ముఖ్యముగా తోడ్పడినది మారుతీ 800 అని మా అభిప్రాయము. 1983 డిసెంబరు 14వ తేదీన ఆనాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ తొలి కారు తాళపుచెవిని స్వయముగా కొన్నవారి చేతికిచ్చినారు. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయినది. కాని మన వీధులలో ఇప్పటికిని అక్కడక్కడ కనిపించుచునే యున్నది.

ఇక గూడు బిగించు విధము. ఆటోనగరులో మేము చూచినది చూచినట్లు చెప్పుచున్నాము. సుజుకీ చిన్నకార్ల పని పుస్తకములలో చెప్పు క్రమమును దాదాపు ఇదియే.

మొట్టమొదట బ్యాటరీ నెగటివ్ తీగను విప్పినారు. గాలిసంచులు గల కార్లలో ఇది మరింత ముఖ్యము. తీగ విప్పిన పిమ్మటను సంచిని ప్రేల్చు కరెంటు కొంతసేపు లోన నిలువయుండును. తయారీదారు చెప్పినంత సేపు ఆగక చక్రము మీద చేయి వేయరాదు. అట్టి కార్లను ఇంటి వాకిట విప్పుట మంచిదికాదని మేము స్పష్టముగా చెప్పదలచితిమి. మిత్రుని కారున ఆ సంచులు లేవు.

ముందు చక్రములను తిన్నగా ఉంచి, స్టీరింగు దండము క్రింది కీలు వద్ద రెండు భాగముల మీదుగ ఒక గీత గీసి గురుతు పెట్టినారు. ఆ గురుతు లేకున్నచో మరల కలుపునపుడు ఒక పన్ను అటునిటు కలిసి, కారు తిన్నగా పోవుచున్నను చేతిలోని చక్రము వంకరగా నుండును. పిమ్మట మొత్తము స్టీరింగు స్తంభమును విప్పి బల్ల మీద పెట్టినారు. ఇంత శ్రమ యేల, ఉన్నచోటనే విప్పరాదా యని మిత్రులడిగిరి. గూటిని పట్టి యుంచు బోల్టులు విప్పుటకు ఏర్పడినవి కావు. వానిని బిగించునపుడు తల తెగిపోవునట్లు మెడ సన్నముగా చేసి యుందురు. తల లేని బోల్టును పానా పట్టలేదు. దొంగ విప్పలేకుండుట కొరకే ఈ యేర్పాటు. మెకానిక్కునకును అదే చిక్కు. సెంటర్ పంచ్ కొనను బోల్టు మొండెము అంచున ఏటవాలుగా ఆనించి, సన్నని సుత్తి దెబ్బలతో విప్పు దిక్కుగా త్రోయవలెను. కారులోనే తల క్రిందుగా పడుకొని కొట్టబోయినచో గురి తప్పి దెబ్బ గూటి మీద పడును, గూడు చిట్లును. మరియొక హాని కూడ కలదు. ప్రమాద సమయమున డ్రైవరు రొమ్మునకు గ్రుచ్చుకొనకుండ ముడుచుకొనిపోవునట్లు నిర్మించిన స్తంభములు అనేక కార్లలో నున్నవి. అట్టి స్తంభమును సుత్తితో మోదినచో ముడుచుకొను శక్తి అప్పుడే చెడిపోవచ్చును.

మిత్రుని కారులో ఈ కష్టము కలుగలేదు. ఏలనన, లోన నున్నవి తల తెగు బోల్టులే కావు! ముందటి దుకాణమువారు బజారులో దొరకు మామూలు బోల్టులను వేసి పంపినారు. ఆటోనగరు మెకానిక్కు వానిని పానాతో సునాయాసముగా విప్పి, “దొంగకు ఇంత సుఖం పెట్టకూడదండీ” అని నవ్వినారు.

తరువాత జరిగినదే అసలు పని. స్తంభపు గొట్టమునకున్న రంధ్రములో నుండి చూచుచు, లోని దండమును మెల్లగా త్రిప్పి, దాని కోలగాడి సరిగా రంధ్రము నడుమకు వచ్చునట్లు నిలిపినారు. క్రొత్త గూటిలో చెవిని ఆన్ స్థానమున ఉంచినారు. అనగా గడియ లోనికి ముడుచుకొని యున్నది. అప్పుడు గూటిని రంధ్రము మీద కూర్చుండబెట్టి, క్రొత్త తల తెగు బోల్టులను వ్రేళ్ళతోనే తగిలించినారు. పానా ఇంకను ముట్టలేదు.

ఇప్పుడు చెవిని లాక్ స్థానమునకు త్రిప్పి పూర్తిగా వెలుపలికి లాగినారు. గడియ ముందుకు దుమికి గాడిలో పడిన చప్పుడు మాకును వినబడినది. దండమును చేతితో అటునిటు త్రిప్పబోగా కదలలేదు. గడియ దిగిన చోటే గూటికి సరియైన చోటు. కావున గూడు తనంతట తాను సర్దుకొనినది. ఆ స్థితిలో బోల్టులను ఒకదాని తరువాత ఒకటి, కొంచెము కొంచెముగా, గూడు ఏ ప్రక్కకును ఒరుగకుండ దగ్గరకు తెచ్చినారు. మరల చెవి పెట్టి ఏసీసీకి త్రిప్పినారు. దండము ఒక చుట్టు పూర్తిగా, ఎచ్చటను తగులక తిరుగవలెను. చెవి పట్టుకొని త్రిప్పుచు, చెవియొగ్గి విన్నారు. తిరిగినది. ఈ ముడుపు, విడుపు పరీక్షను పలుమార్లు చేసిన పిమ్మటనే పానా తీసికొని, రెండు బోల్టులను తలలు తెగువరకు బిగించినారు. తల తెగిన తరువాత తప్పును దిద్దుట లేదు. కనుకనే తాళంచెవితో బిగించవలెనని ఆయన మొదట అన్నది. తల తెగిన మీదటను మరొకసారి అదే పరీక్ష జరిగినది.

తలలు తెగకుండ సగములో ఆపుట, ‘ఎప్పుడైన విప్పవలసి వచ్చునేమో’ యని మామూలు బోల్టులు వేయుట, ఈ రెండును మన యూళ్ళలో కద్దు. మెకానిక్కు సౌకర్యమునకు చేయు ఈ పని యజమాని ప్రాణము మీదికి తెచ్చును. తల తెగుట దొంగకు అడ్డు మాత్రమే గాదు. బోల్టు చాలినంత బిగిసినదనుటకు కొలతయు అదియే.

విద్యుత్ స్విచ్చి సంగతి వేరుగా చెప్పవలసి యున్నది. చాల కార్లలో అది గూటి వెనుక చిన్న మరలతో వేరుగా బిగింపబడి యుండును. చెవి తిరుగుచున్నను స్టార్టరు పలుకకున్నచో దోషము తరచు స్విచ్చిదే గాని తాళముది కాదు. అట్టిచో గూడు మార్చుట వృథా వ్యయము. మార్చునపుడు సిలిండరు కొన నుండు పలుచని నాలుక స్విచ్చి గాడిలో సరిగా కూర్చున్నదో లేదో చూడవలెను. అటునిటుగా కూర్చున్నచో చెవి ఆన్ వద్ద నిలిచినను స్విచ్చి వేరొక చోట నుండును.

స్విచ్చి నిలుకడ ఎంతటి విషయమో చెప్పుటకు అమెరికాలో జరిగిన ఉదంతము చాలును. జనరల్ మోటార్సు సంస్థ 2014లో కోబాల్ట్ మొదలైన కార్లను, సుమారు 26 లక్షలు, మరమ్మతునకు వెనుకకు పిలిచినది. ఆ కార్ల ఇగ్నిషన్ స్విచ్చిలో చెవిని ఆన్ వద్ద నిలిపి యుంచు చిన్న స్ప్రింగు మర బలము చాలనిది. చెవుల గుత్తి బరువునకో, మోకాలు తగిలినందుననో చెవి జారి ఏసీసీకి పోయెడిది. ఇంజను ఆగును, స్టీరింగునకు, బ్రేకులకు తోడ్పడు యంత్రబలము పోవును, అన్నిటికంటె ఘోరమైనది, ఢీకొన్నపుడు గాలిసంచి తెరచుకొనదు. ఆ సంస్థ ఏర్పరచిన నష్టపరిహార నిధి వారు 124 మరణములకు పరిహారము అంగీకరించినారు. 2015లో సంస్థ ప్రభుత్వమునకు 90 కోట్ల డాలర్లు చెల్లింప నొప్పుకొనినది. దోషము కొందరు ఇంజనీర్లకు ఏండ్ల ముందే తెలియును. మర కొలతను నిశ్శబ్దముగా మార్చి, భాగపు సంఖ్యను మాత్రము మార్చక యుంచుటచే, పాతదేదో క్రొత్తదేదో పరిశోధకులకు చాలకాలము అంతుపట్టలేదు. ఒక ఇంజనీరు పాత స్విచ్చిని, బజారులో కొన్న క్రొత్త స్విచ్చిని ప్రక్కప్రక్కన విప్పి కొలిచినపుడు గాని రహస్యము బయటపడలేదు.

ఆ కార్ల యజమానులకు అప్పుడిచ్చిన తాత్కాలిక సలహా మనకును పనికివచ్చును: గుత్తి తీసివేసి ఒక్క చెవితో కారు నడుపుడు. మన యిండ్లలో కారు చెవితో పాటు బీరువా చెవి, గేటు చెవి, ఆఫీసు చెవి, తిరుపతి నుండి తెచ్చిన ఇత్తడి బిళ్ళ, అన్నియు ఒకే వలయమున వ్రేలాడుచుండును. కుదుపు కుదుపునకు ఆ బరువు సిలిండరు బిళ్ళలను అరుగదీయును. బిగిసిన తాళములో వంటనూనె, కొబ్బరినూనె పోయుట కూడ మానవలెను. నూనె మొదట జారినట్లు తోచి, పిదప దుమ్మును పట్టి ముద్ద చేయును. పొడి గ్రాఫైటు చాలును.

క్రొత్త గూడు కొనునపుడు మరొక చిక్కు: దానితో వచ్చు చెవి తలుపులకు పట్టదు. రెండు చెవులు మోయుట ఇష్టము లేనివారు, పాత సిలిండరు బాగున్నచో దానినే క్రొత్త గూటిలోనికి మార్పించుకొనవచ్చును. చాల తాళములలో చెవిని ఏసీసీ వద్ద నిలిపి, గూటి ప్రక్కనున్న సన్నని రంధ్రములో సూదివంటి దానితో లోని పిన్నును నొక్కినచో సిలిండరు వెలుపలికి జారి వచ్చును. లేదా తాళములు చేయువారిచేత బిళ్ళలను పాత చెవికి తగినట్లు అమర్పించుకొనవచ్చును. ఇటీవలి కార్లలో కన్నము చుట్టు తీగచుట్ట యొకటి యుండి, చెవి తలలో దాగిన చిప్‌ను గుర్తుపట్టును. దానిని క్రొత్త గూటికి మార్చుట మరచినచో చెవి తిరిగినను ఇంజను లేవదు. బొత్తాము నొక్కి నడుపు కార్లు వచ్చిన పిమ్మట కన్నమే లేకుండపోయినది. అయినను వానిలో అనేకములందు గడియ మాత్రము ఉన్నది, దానిని చిన్న మోటారు నడుపుచున్నది.

సాయంకాలమునకు స్తంభము మరల కారులో చేరినది. క్రింది కీలు వద్ద గీతకు గీత కలిసినది. కారును కదలనీయక చక్రమును ఈ కొన నుండి ఆ కొన వరకు రెండుమార్లు త్రిప్పించి, పిమ్మట ఆవరణలోనే మెల్లగా నడిపించి చూచినారు. డబ్బు పుచ్చుకొనుచు మెకానిక్కు బల్ల మీది తెగిన బోల్టు తలలు రెండింటిని తీసి మిత్రుని చేతిలో పెట్టినారు. మా మిత్రులు వానిని జేబులో వేసికొని, కారెక్కబోవుచు ఆగి, గుత్తిలో నుండి బీరువా చెవిని, గేటు చెవిని, ఇత్తడి బిళ్ళను ఒక్కొక్కటిగా ఊడదీయ సాగిరి.